నూట ఇరవై ఆరు చుట్లు

ఆరు గంటలపాటు ఎక్కడికీ వెళ్లకుండా, బయల్దేరిన చోటికే మళ్లీ మళ్లీ రావడానికి ఇంతమంది ఇన్ని ఊళ్ల నుంచి దిగబడ్డారంటే కూర్మమ్మకి నమ్మకం కుదరలేదు. సముద్రం మీదికి పోయినవాడు చేపతో వస్తాడు. సంతకి పోయినవాడు సరుకుతో వస్తాడు. ఈ బళ్లు మాత్రం పొద్దున్న పదింటికి మొదలెట్టి సాయంత్రం నాలుగింటిదాకా గుండ్రంగా తిరిగి ఉత్త చేతులతో ఆగుతాయట. "దీనికి పందెం అని పేరొకటి" అని ఆవిడ కళింగపట్నంలో వ్యాను ఎక్కింది మొదలు గరివిడి దాటేదాకా సణుగుతూనే ఉంది. సణుగుడంతా పైకే. గరివిడి అవతల పాత గనుల నేలలో వేసిన ఆ ట్రాక్ పక్కన, లోపలి సంబరం ఆపుకోలేక తెల్లారకముందే లేచి కూర్చున్నది కూడా ఆవిడే.

ఉండదా మరి! ఆ రోజు తిరగబోయే పదిహేడు బళ్లలో తక్కినవన్నీ కంపెనీల్లోనో పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లోనో పుట్టినవి. ఒక్కటి మాత్రం ఆవిడ పెరట్లో పుట్టింది. దాని నంబరు నలభై ఏడు.

కూర్మమ్మ కొడుకు ధనరాజు ఫైబరు తెప్పలు కడతాడు. కళింగపట్నం నుంచి భావనపాడు దాకా ఏ ఒడ్డున నిలబడి చూసినా అతని చేతి తెప్ప ఒకటైనా కళ్లబడుతుంది. నాలుగేళ్ల కిందట ఏదో పని మీద కోయంబత్తూరు వెళ్లినప్పుడు, అక్కడొక షెడ్డులో రేసుకారు ఒళ్లు చూశాడు. చక్రాల్లేవు, ఇంజను లేదు, ఉత్త ఫైబరు డొల్ల. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలి కణుపుతో కొట్టి చూసి, "ఓసోస్, బోర్లేసిన తెప్పే కదేటి ఇది" అనుకున్నాడు. అలా అనుకోవడంతోనే వచ్చింది తంటా అంతా. ఇంటికొచ్చి, వలలు దాచే పాకలోంచి వలలన్నీ బయట పడేసి, ఇనుప గొట్టాలు తెచ్చి అతకడం మొదలెట్టాడు. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కారొకదాని ఇంజను విజయనగరంలో పాత ఇనుము కొట్లో దొరికింది. దాన్ని దింపిన రోజున పేటంతా వాళ్ల పెరట్లోనే ఉంది.

జగన్నాధం ఈ కథలోకి రెజిన్ డబ్బాతో వచ్చాడు. శ్రీకాకుళంలో అతనికి ఇనుప సామాన్ల కొట్టు ఉంది. తెప్పలకి కావలసిన రెజిను జిగురూ ఫైబరు గుడ్డా అక్కడే దొరుకుతాయి. నెలకి మూడు డబ్బాలు పట్టుకెళ్లే ధనరాజు ఉన్నట్టుండి పదకొండు అడిగేసరికి, వీడేం చేస్తున్నాడా అని చూడ్డానికొచ్చాడు. పాకలో ఉన్నదాన్ని చూసి, చెప్పులు బయట విడిచి మరీ లోపలికి అడుగుపెట్టాడు. తరతరాలుగా త్రాసు పట్టిన వంశంలో పుట్టి, చిన్నప్పుడు ఎక్కాల పుస్తకం నిండా కార్ల బొమ్మలు గీసి తండ్రి చేత తన్నులు తిన్న మనిషి. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అతని మకాం కళింగపట్నంలోనే.

మొదటి ఏడు బండి పందెంలో నలభై నిమిషాలు తిరిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ధనరాజుది తెప్పలు కట్టే బుద్ధి. నీళ్లు లోపలికి రాకూడదన్న ధ్యాసే తప్ప, గాలి లోపలికి రావాలన్న ధ్యాస అతనికి లేదు. బండి ముందుభాగం చుక్క నీరు చొరకుండా అందంగా మూసేశాడు. ఊపిరాడక ఇంజను అన్నం కుండలా ఉడికింది. పక్క గ్యారేజీ వాళ్లు వచ్చి, "దీన్ని సముద్రంలో దింపుతారా, రోడ్డు మీదా?" అని పళ్లికిలించారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, బండి ఆగినందుకు కాదుగానీ ఆ నవ్వుకి ధనరాజు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. రెండో ఏడు ముందువైపు రెండు పెద్ద కన్నాలు పెట్టి తెచ్చాడు. మూడున్నర గంటలు మహారాజులా తిరిగింది. ఆ తరవాత వెనక చక్రం ఒకటి ఊడి, బండికంటే ముందు వెళ్లిపోయింది.

ఇది మూడో ఏడు. ఇదే ఆఖరి అవకాశం కూడా. పందెం పెట్టేవాళ్లు ఈసారి గట్టిగా చెప్పేశారు: ఇళ్లల్లో కట్టుకున్న బండి ఏదైనా సరే, ఆరు గంటల్లో నూట ఇరవై ఆరు చుట్లు పూర్తి చేస్తే దాని పేరు, కట్టినవాళ్ల పేరు పుస్తకంలోకి ఎక్కుతాయి, ఏటేటా పందెంలో చోటుంటుంది. చెయ్యలేకపోతే వచ్చే ఏటి నుంచి గేటు దగ్గరికి కూడా రానక్కర్లేదు. అంటే, ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఆ లెక్క తేలకపోతే నలభై ఏడో నంబరు బండి కూర్మమ్మ పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బండి తోలేది ఇద్దరు. ఒకడు జగన్నాధం మేనల్లుడు వెంకీ. రెండో మనిషి రాణి, ధనరాజు భార్య. ఇక్కడే అత్తకీ కోడలికీ చెడింది. ఆ ఇంట ఆడవాళ్లు తెప్ప ఎక్కరు. కూర్మమ్మ అత్త ఎక్కలేదు, కూర్మమ్మ ఎక్కలేదు. తెప్ప కట్టే అచ్చులో పుట్టింది కాబట్టి ఇదీ తెప్పేనని కూర్మమ్మ వాదన. "ఎక్కొద్దే" అంది. రాణి ఎక్కింది. ఎక్కడమేమిటి, ఆరేళ్లుగా కళింగపట్నం నుంచి విజయనగరం మార్కెట్టుకి చేపల వ్యాను తోలుతున్న మనిషి ఆమె. బ్రేకు గట్టిగా తొక్కితే మంచు పెట్టెలు జారి చేప నలుగుతుంది. నలిగిన చేపని ఎవరూ ముట్టుకోరు. అందుకని రాణి బ్రేకు ముట్టుకోకుండా, మలుపు ఎక్కడుందో ముందే చూసుకుని గేర్లతోనే బండిని నెమ్మదింపజేయడం నేర్చుకుంది. ఆ తోలడం చూసి జగన్నాధమే "మనకి కావలసింది ఈ పిల్లే" అన్నాడు. అప్పటి నుంచీ అత్తాకోడళ్ల మధ్య మాటలు ఉప్పు, కారం, వేణ్ణీళ్ల దగ్గరే ఆగిపోయాయి. ఈసారి కూర్మమ్మ మొదటిసారిగా పందేనికి బయల్దేరేముందు కూడా రాణి ఒక పాసు తెచ్చి, "మెళ్లో ఏసుకో" అని ఒళ్లో పడేసి వెళ్లిపోయింది. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. అడగడానికి కూర్మమ్మకి అభిమానం అడ్డొచ్చింది.

అలా తెల్లారకముందే లేచిన కూర్మమ్మ గ్యారేజీలోకి వచ్చి చూస్తే ఎవరూ లేరు. రూల్స్ చదువుతామంటే అందరూ ఆఫీసు దగ్గరికి వెళ్లారు. కొత్త టైర్లు తొడగడానికి చక్రాలు విప్పేసి, బండిని నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. రాత్రి మంచు బాగా కురిసింది. కూర్మమ్మ వంగి చూసి "ఓలమ్మో" అని గుండె మీద చెయ్యేసుకుంది. నాలుగు చక్రాల చోటా నాలుగు ఇనుప పళ్లేలు. నిన్న సాయంత్రం వెండిలా మెరిసినవి, ఒక్క రాత్రికి ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

ఇక్కడ కూర్మమ్మ సంగతి ఒకటి చెప్పాలి. వాళ్లింట ఆడది తెప్ప ఎక్కకూడదు గానీ, తెప్ప ఇంజను మాత్రం ఆడదానిదే. మొగుడు సూరయ్య బతికున్నన్నాళ్లూ వేట నుంచి రాగానే ఇంజను విప్పి భుజాన వేసుకొచ్చి వాకిట్లో దించేవాడు. అక్కడి నుంచి అది కూర్మమ్మ పని. మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, ఇంజనాయిలులో ముంచిన గుడ్డతో మూలమూలా తుడవాలి. ఉప్పుగాలికి ఇనుము ఒక్క రాత్రి కూడా ఆగదు. పేటలో అందరి ఇంజన్లూ ఏదో ఒకనాడు నడిసముద్రంలో మొరాయించాయి గానీ, ముప్పయ్యేళ్లలో సూరయ్య ఇంజను ఒక్కసారి ఆగలేదు. ఆ మాట ఎవరైనా అంటే కూర్మమ్మ మొహం వెలిగిపోతుంది. ఒంటి మీద బంగారం లేకపోయినా ఆవిడకి ఆ మాట చాలు.

అలాంటి మనిషి తుప్పు చూసి ఊరుకుంటుందా? మూలనున్న గరుకు కాగితం తీసుకుని నాలుగు పళ్లేలనీ మెరిసేదాకా రుద్దింది. తరవాత ఆయిలు డబ్బా వంచి గుడ్డ తడిపి, ఇటూ అటూ, వేలు దూరిన చోటల్లా తుడిచింది. చేతులు కడుక్కుని వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఇంతలో వెంకీ వచ్చి, ఆవిడతో మాటల్లో పడి, పళ్లేల వైపు చూడకుండానే చక్రాలు బిగించేశాడు.

పదింటికి పదిహేడు బళ్లూ ఒక్కసారి గర్జించాయి. నేల అదిరింది. కూర్మమ్మకి అరికాళ్ల నుంచి నడినెత్తి దాకా జల్లుమంది. రథయాత్ర చూసింది, పైడితల్లి సంబరం చూసింది, ఇలాంటి చప్పుడు మాత్రం పుట్టి బుద్ధెరిగి వినలేదు. తోలేది కోడలన్న కోపం ఆ చప్పుడులో ఎటు కొట్టుకుపోయిందో, "ఎల్లవే! ఎల్లు!" అని అరుస్తూ ఇనుప కంచె పట్టుకుని ఊపేసింది.

మొదటి చుట్టు అందరూ గుంపుగా, నెమ్మదిగా తిరిగారు. రెండో చుట్టులో వేగం అందుకున్నారు. అంతా చూస్తుండగా మలుపు దగ్గర నలభై ఏడో నంబరు బండి తిరగలేదు. తిన్నగా పోయింది. ట్రాక్ అంచు దాటి, పక్కనున్న కంకర గుంటలోకి దూసుకుపోయి, దుమ్ములో మాయమైంది.

కూర్మమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

దుమ్ము తగ్గేసరికి రాణి బండిలోంచి దిగి నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. ట్రాక్టరు బండిని గ్యారేజీకి లాక్కొచ్చింది. నాలుగు చక్రాల దగ్గర నుంచీ నల్లటి పొగ వస్తోంది. రాణి హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మావా, బ్రేకు తొక్కితే సబ్బు మీద కాలేసినట్టున్నాది. మొదటి సుట్టులోనే తేడాగున్నాది. కొత్త ప్యాడ్లు కదా, ఏడెక్కితే పట్టుకుంటాయిలే అనుకున్నాను" అంది ధనరాజుతో.

పందెం తనిఖీ అధికారి అప్పలస్వామి అక్కడికొచ్చాడు. పొట్టిగా, గుబురు మీసాలతో, నవ్వంటే ఏమిటో తెలియని మొహంతో ఉంటాడు. చక్రంలోకి వేలు పెట్టి, బయటికి తీసి, అందరికీ చూపించాడు. వేలు నల్లగా, జిడ్డుగా ఉంది.

"ఆయిలు కారుతోంది. కారే బండిని ట్రాక్ మీదికి వదలను. వెనకొచ్చేవాళ్లు జారి చస్తారు. ఎక్కడ కారుతోందో చూపించి, ఆపండి. లేదంటే బండి లారీ ఎక్కించుకోండి" అన్నాడు.

బండి కిందకి దూరిన ధనరాజు అక్కడి నుంచే, "ఎక్కడా కారడం లేదు బాబూ. అడుగంతా పొడిగున్నాది" అని అరిచాడు.

"మరి నాలుగు డిస్కుల మీదా ఆయిలు ఆకాశం నుంచి కురిసిందా?"

"ఇంజను విప్పి సూడాల" అన్నాడు ధనరాజు. ఇంజను విప్పడమంటే నాలుగు గంటల పని. పందెం పోయినట్టే. జగన్నాధం టైరు మీద కూలబడ్డాడు.

కూర్మమ్మకి ముందు వాసన తగిలింది. కాలిన ఇంజనాయిలు వాసన. తన గుడ్డ వాసన. ఆవిడకి అర్థమైపోయింది. పొద్దున్న తను ఒళ్లు దాచుకోకుండా చేసిన పని ఇదన్నమాట. ముప్పయ్యేళ్లు ఇంజన్లని కాపాడిన చెయ్యి కోడల్ని కంకర గుంటలో పడేసింది. ఆ పళ్లేలు జిడ్డు లేకుండా పొడిగా ఉంటేనే బండి ఆగుతుందని ఎవరు చెప్పారు ఆవిడకి? ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కొడుకు ఇంజను విప్పుకుంటాడు, పందెం పోతుంది, పాత ఇంజనని సరిపెట్టుకుంటారు. ఆ ఆలోచన రావడం నిజం. వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నానే తుడిసినాను" అంది.

ఎవరికీ వినపడలేదు. బయట పదహారు బళ్ల హోరు.

కూర్మమ్మ నలభై ఏళ్లు చేపల మార్కెట్టులో సంపాదించిన గొంతు బయటికి తీసింది. "ఒరే ధనా! ఇంజను ముట్టుకోకురా! కారడమూ లేదు, కురవడమూ లేదు. నానే తుడిసినాను! తుప్పట్టినాయని పొద్దున్న నాలుగింటికీ ఆయిలు రాసినాను!"

ధనరాజు బండి కింద నుంచి తల బయటికి పెట్టి తల్లిని చూశాడు. పక్క గ్యారేజీలో ఎవడో కిసుక్కుమన్నాడు. రాణి మెల్లగా లేచి నిలబడింది.

"బ్రేకు డిస్కులకి ఆయిలా?" అన్నాడు అప్పలస్వామి. ఆ మాటలు నోట్లోంచి రావడానికే కష్టపడ్డాడు.

"మా ఇంజన్లకి అలగే రాస్తాం బాబూ. నాకేటి తెల్సు? తప్పు నాదే. నా కొడుకుది కాదు. నన్నేటి సేస్తారో సెయ్యండి, బండిని మాత్రం ఒగ్గేయండి."

అప్పలస్వామి చేతిలో కాగితాలు తిరగేశాడు. "ఆయిలు కారడం లేదంటే ఆ చిక్కు తీరినట్టే. కానీ అమ్మా, ఇంకో రూలుంది. తనిఖీ అయ్యాక జట్టులో లేని మనిషి బండి మీద చెయ్యేస్తే, ఆ బండిని పందెంలోంచి తీసెయ్యాలి."

గోరుచుట్టు మీద రోకటిపోటు. దాచి ఉంటే ఇంజను విప్పి పోగొట్టుకునేవారు, చెప్పినందుకు రూలు ప్రకారం పోగొట్టుకుంటున్నారు. జగన్నాధం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పుడు రాణి, "బాబూ, జట్టు కాయితంలో ఆరో పేరు సూడండి" అంది.

అప్పలస్వామి వేలితో గీతలు దిగుతూ వచ్చి ఆరో గీత దగ్గర ఆగాడు. "కూర్మమ్మ. వయసు అరవై రెండు. పని..." కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. "మెకానిక్."

కూర్మమ్మ తన మెళ్లో పాసు ఎత్తి చూసుకుంది. తలకిందులుగా.

"సూడ్డానికొచ్చినోళ్ల పాసయితే గ్యారేజీ కాడికి రానివ్వరు" అంది రాణి. "ఆ మెట్ల మీద ఎండలో కూకోబెడతారు. మా అత్త అంత దూరంలో కూకుని ఊరుకునే మనిసి కాదు బాబూ. అందుకని అలగ రాయించినాను. అబద్ధమేటీ రాయలేదు. ముప్పయ్యేళ్లు మా మావగారి ఇంజను ఈవిడే సూసినాది. ఒక్కనాడు ఆగలేదు. కావలిస్తే కళింగపట్నంలో ఎవల్నయినా అడగండి."

ఆ మాట కోడలి నోట వస్తుందని కూర్మమ్మ కలలో కూడా అనుకోలేదు. ఎప్పుడు విందో, ఎలా గుర్తుపెట్టుకుందో. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోబోయి, కొంగంతా ఆయిలని ఆగిపోయింది.

అప్పలస్వామి మీసాలు ఓ పక్కకి కదిలాయి. "జట్టు మనిషి చేసిన తప్పు జట్టుదే. రూలు అడ్డు రాదు. మెకానిక్ గారూ, రాసింది మీరే కాబట్టి కడగాల్సింది కూడా మీరే. చుక్క జిడ్డు మిగిలినా వదలను" అని గడియారం చూసుకున్నాడు.

ఇక చూడాలి ఆ సందడి! ధనరాజు చక్రాలు ఊడదీశాడు, వెంకీ పెట్రోలు తెచ్చాడు, కూర్మమ్మ కొంగు బిగించి కూర్చుని నాలుగు డిస్కులనీ కడిగి, తుడిచి, మళ్లీ కడిగింది. ముందు చక్రాలకి, డిస్కుని నొక్కి పట్టే ప్యాడ్లు కొత్తవి వేశారు. వెనక వాటికి వేరే జత లేదు. ఆయిలు తాగిన ప్యాడ్లనే గరుకు కాగితంతో సగానికి సగం అరిగేదాకా రుద్ది, పెట్రోలులో ముంచి, మంట మీద కాచి బిగించారు. అప్పలస్వామి అన్నీ చూసి సరేనన్నాడు. అప్పటికి పదకొండు దాటి అయిదు నిమిషాలు.

జగన్నాధం గబగబా లెక్క కట్టాడు. "ఇక నుంచి చుట్టుకి రెండుంబావు నిమిషాలు. అంతకి మించితే నూటిరవయ్యారు రావు. టైర్లు మార్చే తీరికా లేదు, మంచినీళ్లు తాగే తీరికా లేదు."

రాణి హెల్మెట్టు పెట్టుకుని అత్త ముందుకొచ్చింది. "కడిగినావా?"

"కడిగినాను."

"ఆగుతాదా?"

"ఆగుతాదే" అంది.

"అయితే ఎల్తన్నాను" అని రాణి బండిలోకి దూరింది.

ఆగింది! మొదటి మలుపులో బండి బుద్ధిగా నెమ్మదించి, ఒంగి, తిరిగి, గుక్క తిప్పుకోకుండా పరుగెత్తింది. కూర్మమ్మ ఒక బొగ్గు ముక్క సంపాదించి గ్యారేజీ గోడ మీద లెక్క మొదలెట్టింది. ఆవిడకి వందలూ పదులూ పట్టవు. చేపలైనా చుట్లయినా పుంజీల లెక్కే, పుంజీకి నాలుగు. నూట ఇరవై ఆరంటే ముప్పయ్యొక్క పుంజీల మీద రెండు. బండి ముందు నుంచి దూసుకుపోయినప్పుడల్లా ఒక గీత. నాలుగు గీతలైతే వాటి కింద సున్నా.

మధ్యాహ్నానికి తొమ్మిది పుంజీలు దాటాయి, పన్నెండూ దాటాయి. రాణి దిగి వెంకీ ఎక్కాడు. ఎండ మాడిపోతోంది. ఒంటిగంటకి ఒక కంపెనీ బండి పొగలు కక్కుతూ పక్కకి తప్పుకుంది. కాసేపటికి మరోటి. రెండింటికి, పొద్దున్న కిసుక్కుమన్న పక్క గ్యారేజీ వాళ్లు గేర్లు విరిగిన తమ బండిని తోసుకుంటూ తెచ్చుకున్నారు. కూర్మమ్మకి నవ్వొచ్చింది గానీ, పందెం అవకుండా నవ్వకూడదని నోరు నొక్కుకుంది. పెరట్లో పుట్టిన బండి మాత్రం తిరుగుతూనే ఉంది. చూసేందుకొచ్చిన జనానికి సంగతి తెలిసిపోయింది. చీపురుపల్లి వాళ్లూ బొబ్బిలి వాళ్లూ పార్వతీపురం వాళ్లూ, ఎవరి బండి చూడ్డానికొచ్చారో మరిచిపోయి, నలభై ఏడు కనపడగానే ఈలలేస్తున్నారు. జగన్నాధం పెద్దమనిషి తరహా వదిలేసి, చొక్కా విప్పి తిప్పుతున్నాడు.

మూడుంబావుకి వెంకీ బండి తెచ్చి ఆపాడు. ఆగాల్సిన గీత దాటి రెండు బారలు ముందుకెళ్లి ఆగింది.

"మావయ్యా, వెనక బ్రేకులు అయిపోనాయి. ముందరివి కూడా ఎంతోసేపు ఉండవు" అన్నాడు.

ధనరాజు చక్రం సందులోంచి చూశాడు. పొద్దున్న సగానికి రుద్దిన ప్యాడ్లు రేకంత మిగిలాయి. గోడ మీద ఇరవై ఆరు పుంజీల మీద రెండున్నాయి. ఇంకా ఇరవై చుట్లు.

కూర్మమ్మ వచ్చి రాణికీ బండికీ మధ్యన నిలబడింది. పొద్దున్న నుంచి ఆ లెక్క కోసం గుండె చేత్తో పట్టుకున్న మనిషి, "వొద్దే. ఆపేద్దారి. పుస్తకంలో పేరు లేకపోతే పోనాది. మనకేటి, తెప్పలున్నాయి, వ్యానున్నాది. నా సేతి తప్పుకి నువ్వు బలవ్వాలేటి? నానొప్పుకోను" అంది.

రాణి ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని, పెట్టె పక్కకి జరిపినట్టు జరిపింది. "అత్తా, ఆరేళ్లు నాను వ్యాను ఎలగ తోలినాను? బ్రేకు తొక్కే తోలినానేటి? తప్పుకో. బేగి ఎల్లాల."

అంతే. వెళ్లిపోయింది.

ఆ ముప్పావు గంట కూర్మమ్మకి ముప్పయ్యేళ్లయింది. మలుపు చాలా దూరం ఉండగానే బండి గొంతు మారేది. గేరు దిగుతుంది, ఇంజను మూలుగుతుంది, వేగం తగ్గుతుంది, బండి మలుపులోకి అరిటాకు మీద నీటిబొట్టులా జారుకుంటుంది. మళ్లీ హోరు. ఒక గీత. ఇరవై ఎనిమిది పుంజీలు. ముప్పై. అప్పలస్వామి తన పని వదిలేసి వాళ్ల గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. జగన్నాధం గడియారం చూసి "ఎనిమిది సెకన్లు మిగులు" అంటాడు. మళ్లీ "అయిదు" అంటాడు.

నాలుగింటికి అర నిమిషం ఉందనగా నలభై ఏడు గీత దాటింది. నూట ఇరవై అయిదు. నాలుగు కొట్టేలోపు మొదలైన చుట్టు లెక్కలోకి వస్తుంది. ఇక మిగిలింది ఆ ఒక్కటే.

ఒక్కొక్క బండే జెండా చూసి ఆగిపోయింది. గెలిచినవాళ్ల చుట్టూ కెమెరాలు మూగాయి. ట్రాక్ మీద ఇప్పుడు తిరుగుతున్నది ఒకే ఒక్క బండి. హోరంతా తగ్గిపోయి ఆ ఒక్క గొంతు దూరం నుంచి తెరలు తెరలుగా వినపడుతోంది. జనం లేచి నిలబడ్డారు. గెలిచినవాళ్లు కూడా తలలు తిప్పారు.

ఆఖరి మలుపులో బండి కనపడింది. ముందు చక్రాల దగ్గర నిప్పురవ్వలు. ఇనుము ఇనుముని తింటోంది. బండి ఒక పక్కకి ఊగింది, వెనక భాగం జారింది. మళ్లీ తిన్నగా అయింది. జెండా పడింది. బండి గీత దాటింది. పెద్ద బోర్డు మీద నలభై ఏడు పక్కన 126 అని వెలిగింది. మైకులో ఎవరో గొంతు చించుకున్నారు.

బండి ఆగలేదు. ఆపడానికి అందులో ఏమీ మిగల్లేదు. మొదటి మలుపు దాకా పోయి, రాణి కావాలనే తిప్పిందేమో, మెల్లగా కంకర గుంటలోకి దిగి, తెప్ప ఒడ్డుకి ఎక్కినట్టు ఎక్కి నిలిచిపోయింది.

కూర్మమ్మ అప్పటికే కంచె కింద నుంచి దూరిపోయింది. వెనక నుంచి ఈలలు, "అమ్మా, అటు వెళ్లకూడదు!" అని కేకలు. చేతిలో బొగ్గు ఎక్కడ పడిపోయిందో తెలియదు. అరవై రెండేళ్ల మనిషి, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కంకరలో కాళ్లు కూరుకుపోతున్నా ఆగకుండా పరుగెత్తింది. ధనరాజు ఆ వెనకాల ఏడుస్తూ, నవ్వుతూ, పడుతూ లేస్తూ వస్తున్నాడు.

రాణి హెల్మెట్టు తీసింది. మొహమంతా మసి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్మమ్మ ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది, చేతులు తడిమింది, మెడ తడిమింది.

"అత్తా" అంది రాణి రొప్పుతూ. "అయినాయా? నూటిరవయ్యారు అయినాయా? లెక్కెట్టినావా?"

కూర్మమ్మ తెల్లబోయింది. పొద్దున్న నుంచి ఒక్క గీత తప్పని మనిషి.

"తెల్దే అమ్మా" అంది. "ఆకర్ది లెక్కెట్టలేదు. నిన్నే సూస్తన్నాను."